దానిమ్మ రంగు బోర్డు

మైనం కరిగే వాసన వీధి మలుపు దాకా వస్తోంది. సఫరలీ కుర్చీల లిఫ్టు దగ్గర పని ముగించి, ఆఖరి కుర్చీలో కొండ దిగి, బూట్లకంటిన మంచు గడపకేసి తట్టి బామ్మర్ది కొట్లోకి వచ్చేసరికి కూతురు నేలమీద మోకాళ్లూని ఉంది. ఆమె ముందు మంచుమీద జారే బోర్డులు మూడు పక్కపక్కనే పరిచి ఉన్నాయి.

"తలుపు మూసెయ్ నాన్నా. చలిగాలి తగిలితే మైనం బిగుసుకుపోతుంది" అంది తర్లాన్ తలెత్తకుండానే.

అతను తలుపు మూసి దానికే వీపు ఆనించి నిలబడ్డాడు. లోపల అడుగు పెట్టే చోటు లేదు. గోడల నిండా అద్దెకిచ్చే స్కీలు, బోర్డులు, ఆవిరి కక్కుతున్న తడి బూట్లు. మూలన కిరసనాయిలు పొయ్యి మీద టీ మరుగుతోంది. దాని పక్కన ఫరామర్జ్ చక్కెరబిళ్ల పళ్లమధ్య పెట్టుకుని టీ చప్పరిస్తున్నాడు.

"చూడు బావా, నీ కూతురి వరస! పొద్దున్నించీ ఈ మూడింటినీ తిప్పితిప్పి చూస్తోంది. పెళ్లికొడుకునైనా ఇన్నిసార్లు చూడదు."

"పెళ్లికొడుకుని ఇలా వంచి చూడనివ్వరు కదా మామయ్యా" అంటూ తర్లాన్ లేచింది. మొదటి బోర్డు నిలబెట్టి, ముక్కు చేత్తో పట్టుకుని, తోక నేలకు తన్నిపెట్టి, నడుము మీద అరచేత్తో నొక్కింది. నీలం రంగుది. పచ్చికొమ్మలా వంగి, వదలగానే ఎగిరి లేచింది. రెండోది పసుపుది, పొడుగుది. ముక్కు తెడ్డంత వెడల్పు, తోక పిచ్చుక తోకలా చీలి ఉంది. దాని మీద బరువంతా వేసినా బెట్టుగా నిలబడింది. మూడోది దానిమ్మ రంగు. బొమ్మల్లేవు, రాతల్లేవు, ఒకచోట అంచుకి మాటు వేసి ఉంది. ఎప్పుడో ఎవరో వదిలేసి పోయిన బోర్డు. దాన్ని నొక్కి, కాసేపు అలాగే పట్టుకుని, మెల్లగా వదిలింది.

ఆ నొక్కడం చూస్తుంటే సఫరలీకి తన తండ్రి సంతలో కంచరగాడిదను చూసే తీరు గుర్తొచ్చింది. ఆయనా అంతే. ముందు వీపు నొక్కేవాడు. తర్వాత గిట్టలు. ధర చివర్లో.

ఫరామర్జ్ మాట ఇచ్చాడు. చలికాలమంతా తన కొట్లో అద్దె బోర్డులకు మైనం పూసి, అంచులు నూరినందుకు తర్లాన్ ఒక బోర్డు తీసుకోవచ్చు. ఏదైనా సరే, ఒక్కటి.

"ఒక్కటే అంటున్నాగా అని ఇలా చంపుకుతింటోంది" అన్నాడతను. "మన పార్కుకి ఈ నీలంది చాలు. ఆడపిల్లలంతా అక్కడే కదా పడేది?"

వర్చాల్ కొండమీద పార్కు అంటే పూలుండవు. మంచుతో కట్టిన దిబ్బలు, దిబ్బల మధ్య పాతిన ఇనప కడ్డీలు. కుర్రకారు వాటిమీద జారుతారు, ఎగురుతారు, పడతారు.

"గురువారం పరీక్ష పార్కులో ఒక్కటే కాదు మామయ్యా. ఆ తర్వాత మూగలోయలో కూడా. పార్కులో గట్టి మంచు, లోయలో పిండిమంచు. ఎక్కడ మనిషి పడితే అక్కడికి పోవాలి. పడేవాళ్లు నా బోర్డు చూసుకుని పడరు."

సఫరలీ నవ్వాపుకున్నాడు. ఫరామర్జ్ ఆపుకోలేదు.

"ఖొస్రో ఏమన్నాడో విన్నావా బావా? 'రెండు కాళ్లూ ఒకే చెక్కకి కట్టేసుకున్నది ఇంకెవర్ని లేపుతుంది' అన్నాట్ట."

ఖొస్రో కొండమీది ఎర్రకోట్లవాళ్లకు పెద్ద. పడ్డవాళ్లను తెచ్చే దళం అతనిది. అందరూ మగవాళ్లే, అందరూ స్కీల మీదే.

"అన్నాడు. మరి పోయిన నెల ఒకావిడ భుజం ఎముక విరిగి మంచులో పడుంటే, ఆయన మనుషులకి రెండు కాళ్లూ విడిగానే ఉన్నాయి. ఏం చేశారు?" తర్లాన్ గొంతు పెంచలేదు. మైనపు ముద్దను ఇస్త్రీపెట్టెకి ఆనించి చుక్కలు చుక్కలుగా బోర్డు అడుగున రాలుస్తోంది. "ఆడమనిషి మీద చెయ్యి వెయ్యాలా వద్దా అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు. మొగుడు వచ్చేదాకా ఆగుదాం అన్నారు. ఆవిడ పెదవులు నీలంగా అయిపోయాయి. ఎత్తి కూర్చోబెట్టింది నేను. నా రుమాలుతో భుజం కట్టింది నేను."

ఆ రోజు సఫరలీ పైనుంచి చూశాడు. లిఫ్టు వదిలి కదలకూడదు. కిటికీ అద్దం మీద ఆవిరి తుడుచుకుంటూ చూశాడు. ఎర్రకోట్లు వలయంగా నిలబడి ఉన్నాయి. ఆ వలయంలోకి ఒక చిన్న నల్లటి ఆకారం దూరింది. అది తన కూతురని సాయంత్రం దాకా తెలియదు.

ఆడవాళ్ల కోసం ఒక ఆడమనిషి కావాలని తర్వాత ఖొస్రోనే ఒప్పుకున్నాడు. గురువారం చూస్తానన్నాడు. రెండు చోట్లా దిగితే ఎర్రకోటు. ఒక్కచోట తడబడితే మళ్లీ ఆ ఊసెత్తవద్దు.

"ఒక్క చేత్తో రెండు పుచ్చకాయలు ఎత్తలేరమ్మా" అన్నాడు ఫరామర్జ్, ఈసారి వేళాకోళం లేకుండా.

"అందుకే చెయ్యి ఎంత వెడల్పో చూసుకుంటున్నా" అంది తర్లాన్.

*

ఆ రాత్రి మంచు కురిసింది. పొద్దున సఫరలీ కొండ కొమ్ముమీద తన గది తలుపు తెరవడానికి పారతో దారి తీయాల్సి వచ్చింది. ఆ గదికి రెండు కిటికీలు. ఒకదాంట్లోంచి లిఫ్టు కుర్చీలు, పార్కు, కింద ఊరి పొగ కనిపిస్తాయి. రెండోది మూగలోయ వైపు. అక్కడ కేక వేస్తే తిరిగి రాదు, మంచు మింగేస్తుంది. అందుకే ఆ పేరు. ఆ కిటికీ ముందు నిలబడ్డప్పుడల్లా అతనికి టోపీ తీయాలనిపిస్తుంది. చలికి తీయడు.

తర్లాన్ ముందు నీలం బోర్డుతో పైకొచ్చింది. కుర్చీ దిగుతూ తండ్రికి చెయ్యూపి పార్కులోకి దిగింది. సఫరలీ ఒక చెయ్యి లివరు మీద ఉంచి, మెడ సాచి చూశాడు. కడ్డీ మీద ఆమె దారంమీద పూసలా జారింది. దిబ్బ మీంచి లేచి గాలిలో సగం తిరిగి, వీపు లోకానికి పెట్టి దిగి, అలాగే వెనక్కి జారిపోయింది. బోర్డుకి ముందూ వెనకా లేవు. రెండువైపులా ముక్కులే. అతని చేతిలో టీ చల్లారింది.

మళ్లీ పైకొచ్చి అదే బోర్డుతో మూగలోయ వైపు వెళ్లింది. పది బారలు పోయిందో లేదో ముక్కు మంచులో మునిగింది, ఆమె నడుము దాకా కూరుకుపోయింది. బయటపడటానికి ఎంతసేపు పెనుగులాడిందో! మంచు అంతా ఆమె చుట్టూ మెత్తగా, దయగా ఉన్నట్టే ఉంది. చెయ్యి ఆనిస్తే మాత్రం ఆనదు.

తర్వాత పసుపుది. ఈసారి సఫరలీ ముందుగానే రెండో కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఆ వెడల్పు ముక్కు మంచు మీదికి లేచింది. ఆమె జారుతోందో, మంచే ఆమెను చేతుల మీద దాటిస్తోందో చెప్పలేం. వెనక తెల్లటి ధూళి లేచి ఎండలో మెరిసి ఆగిపోయింది. "యా అలీ!" అనుకున్నాడు పైకే. గదిలో ఎవరూ లేరు.

పార్కులో ఆ పసుపుదే ఆమెను పడేసింది. దిబ్బ మీంచి తిరిగి వెనక్కి దిగబోయేసరికి చీలిన తోక గట్టిమంచులో తట్టుకుంది. ఆమె వీపు మీద పడి, జారి, కడ్డీకి జానెడు దూరంలో ఆగింది. సఫరలీ ఒక చేత్తో లివరు పట్టుకునే ఉన్నాడు. రెండో చెయ్యి తలుపు గొళ్లెం దాకా పోయి ఆగింది. కుర్చీల్లో మనుషులున్నారు. తర్లాన్ లేచి, హెల్మెట్ కింద రుమాలు సర్దుకుని, పైకి చూసి చెయ్యూపింది. తండ్రి ఎక్కడ నిలబడి ఉంటాడో ఆమెకు తెలుసు.

మధ్యాహ్నం దానిమ్మ రంగుది. దానిమీద పార్కులో ఆమె నీలం బోర్డు మీదున్నంత సరదాగా లేదు. లోయలో పసుపుదంత తేలికగా లేదు. సఫరలీకి నిరాశగానే అనిపించింది. ఆమె గదిలోకొచ్చి, బోర్డు బోర్లా వేసి, స్క్రూడ్రైవరుతో కాళ్ల బిగింపులు రెండూ విప్పి ఒక్కొక్క రంధ్రం వెనక్కి జరిపి మళ్లీ బిగించింది. మళ్లీ లోయలోకి పోయింది. ఈసారి ముక్కు మునగలేదు. మళ్లీ పార్కులోకి పోయింది. వెనక్కి దిగింది, తోక తట్టుకోలేదు.

సాయంత్రం పొయ్యి దగ్గర చేతులు కాచుకుంటూ అంది, "ఇదే నాన్నా."

"ఆ రెండూ దీనికంటే బాగున్నట్టున్నాయే."

"బాగున్నాయి. ఒకటి పార్కులో, ఒకటి లోయలో. ఇది ఎక్కడా అన్నిటికంటే బాగుండదు. కానీ ఎక్కడా నన్ను వదిలెయ్యదు."

సఫరలీ కొయ్య స్కీల కాలం నుంచీ మంచు మీద నడిచినవాడు. ఏ గాలికి ఏ మంచు కురుస్తుందో వాసన పట్టి చెప్పేవాడు. మనిషి ఒక చెక్కను ఇలా ఎంచుకోవచ్చని, అందులో ఇంత ఆలోచన ఉంటుందని అతనెన్నడూ అనుకోలేదు. ఏదో అనాలనిపించింది. బదులుగా ఆమె గ్లాసులో ఇంకాస్త టీ పోశాడు.

బోర్డుకి ఆ పూటే మైనం పూసి, గదిలో లాంతరు పక్క కొక్కానికి తగిలించింది. "ఇక్కడే ఉండనీ. ఈ చలికి అలవాటు పడాలి" అంది.

*

బుధవారం కొండమీద పొగమంచు దిగింది. తర్లాన్ బూటు కట్టు తెగిందని, కుట్టించుకోవడానికి కుర్చీలో కిందికి వెళ్లింది. కుర్చీలు ఒకదాని వెనక ఒకటి తెల్లదనంలోంచి ఖాళీగా వచ్చి ఖాళీగా పోతున్నాయి. అలా వచ్చిన ఒక కుర్చీలోంచి ఒక పిల్ల దిగింది. చేతిలో బోర్డు రెండు ముక్కలు. ముక్కు ఒక చేతిలో, తోక ఒక చేతిలో.

సఫరలీ తలుపు తీశాడు. "లోపలికి రండమ్మా. బిగుసుకుపోతారు."

పేరు సారినా అంది. జర్మనీలో హాంబుర్గులో పుట్టిందట. పిన్ని ఇంటికి వచ్చిందట. కొండ మలుపులో పచ్చతలుపు ఇల్లు వాళ్లదే. ఆమె మాటలో యాస ఉంది. పెద్దవాణ్ని పట్టుకుని 'నువ్వు' అంటోంది. సఫరలీ పట్టించుకోలేదు. టీ ఇచ్చాడు, ఖర్జూరాలు పెట్టాడు.

"వచ్చిన మొదటి రోజే విరిగింది. కడ్డీ మీద పడ్డా. పొగలో దారి తెలియక ఎదురొచ్చిన కుర్చీ ఎక్కేశా. ఇంక ఈ మంచంతా ఊరికే చూస్తూ కూర్చోవాలి" అంది. అని గోడవైపు చూసింది. "అబ్బ! ఎంత బాగుందో ఆ బోర్డు!"

"తమదే. తీసుకోండి" అన్నాడు సఫరలీ.

ఊపిరి పీల్చినంత సులువుగా అన్నాడు. మన వస్తువు ఒకరు మెచ్చుకుంటే అనాల్సిన మాట అది. అనకపోతే పిసినారి కింద లెక్క. అవతలివాళ్లు 'అయ్యో, మీ దగ్గరుంటేనే దానికి అందం' అంటారు. అక్కడితో అయిపోతుంది. పుట్టినప్పటినుంచి అతను గడియారాన్నీ టోపీనీ కోడిపుంజునూ అలా ఎందరికో ఇచ్చేశాడు. అన్నీ ఇంట్లోనే ఉన్నాయి.

ఆ పిల్ల గ్లాసు కింద పెట్టింది. "నిజంగానా?"

"నిజంగానే. మీకంటే ఎక్కువా?"

"వద్దు... నువ్వు ఊరికే అంటున్నావ్."

హమ్మయ్య అనుకున్నాడు లోపల. వద్దు అంది. ఇంకొక్కసారి అంటే సరిపోతుంది.

"నా ప్రాణం మీద ఒట్టు, తీసుకోకపోతే నాకు మనసు కష్టం" అన్నాడు మూడోసారి, చెయ్యి గుండె మీద పెట్టుకుని.

సారినా కళ్లలో నీళ్లు తిరిగాయి. లేచి అతని చెయ్యి రెండు చేతులా పట్టుకుంది. "పిన్ని చెప్తూనే ఉంది, కొండవాళ్ల మనసు కొండంత అని. నేను నమ్మలేదు" అంది. కొక్కెం మీంచి బోర్డు తీసుకుంది. తలుపు దగ్గర వెనక్కి తిరిగి మళ్లీ నవ్వింది. పొగమంచు ఆమెను మింగేసింది.

సఫరలీ ఖాళీ కొక్కెం చూస్తూ నిలబడ్డాడు. ఒక కుర్చీ వచ్చి, తిరిగి, పోయింది. ఇంకొకటి.

*

"ఎన్నిసార్లు అన్నావు?" అంది తర్లాన్.

కుట్టించిన బూటు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. ఇంట్లో దుప్పటి కప్పిన కుంపటి బల్ల చుట్టూ ముగ్గురూ కాళ్లు లోపలికి పెట్టుకుని కూర్చున్నారు. ఆష్ చారు గిన్నెలో పెరుగు తెట్టు కడుతోంది. ఎవరూ చెంచా ముంచలేదు.

"మూడు."

"మూడుసార్లా!"

"రెండోసారి ఆ పిల్ల వద్దు అంది. బానే ఉంది కదా అని..."

"వద్దు అంటే ఊరుకోవాలిగా" అంది తల్లి కౌకబ్. "కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. ముప్పై ఏళ్లు కాలు జారకుండా కొండమీద పనిచేశాడు మీ నాన్న. జారింది చూడు, ఎక్కడ జారిందో."

"నువ్వూరుకోమ్మా" అంది తర్లాన్. ఒక్క మాట గట్టిగా అని ఉంటే సఫరలీకి తేలికయ్యేది. ఆమె బూటు పక్కన పెట్టి, కోటు తొడుక్కుని మామయ్య కొట్టుకి పోయింది. నీలంది అద్దెకి పోయింది. పసుపుది తెచ్చి వసారాలో మైనం పూయడం మొదలుపెట్టింది. ఇస్త్రీపెట్టె చప్పుడు లోపలికి వినిపిస్తోంది. దాంతో లోయలో తేలుతుంది. పార్కులో ఏమవుతుందో ముగ్గురూ చూడకుండానే చూస్తున్నారు.

సఫరలీ లేచాడు. టోపీ పెట్టుకున్నాడు. ఇంకా వెలుగుంది.

"ఎక్కడికి?" అంది కౌకబ్.

"అడిగి తెస్తా."

"నువ్వా?" అంది ఆవిడ. అంతే అంది.

పచ్చతలుపు తీసింది సారినాయే. పిన్ని టెహ్రాన్ వెళ్లిందట, రాత్రికి వస్తుందట. లోపల గోడకి ఆనించి ఉంది బోర్డు, కింద తుండుగుడ్డ పరిచి, చంటిపిల్లను నిలబెట్టినట్టు. అతన్ని కూర్చోబెట్టింది. టీ తెచ్చింది. సఫరలీ గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, ఆ బోర్డు..."

"నువ్వు వచ్చావు, మంచిదైంది! నాకొక సాయం కావాలి. నాది కుడికాలు ముందు. ఈ బిగింపులు ఎడమకాలివాళ్లకి పెట్టి ఉన్నాయి. తిప్పడం నాకు రావట్లేదు."

స్క్రూడ్రైవరు అతని చేతిలో పెట్టింది. సఫరలీ దాన్ని చూశాడు. ఆ పిల్ల మొహం చూశాడు. నాలుక మీద మాట ఉంది. చిన్నమాట. మింగలేడు, కక్కలేడు. మోకాళ్లమీద కూర్చుని, తన కూతురు ఒక్కొక్క రంధ్రం లెక్కచూసి బిగించిన మరలన్నీ ఒకటొకటే విప్పాడు. కుడికాలికి తిప్పి బిగించాడు. గట్టిగా ఉన్నాయా లేదా అని ఊపి కూడా చూశాడు.

"చాలా సంతోషం" అంది సారినా.

"సుఖంగా వాడుకోండమ్మా" అని విన్నాడు తన నోట్లోంచి.

ఇంటికొచ్చేసరికి వసారాలో ఇస్త్రీపెట్టె ఆరిపోయి ఉంది. తర్లాన్ పసుపు బోర్డు ఒళ్లో పెట్టుకుని, అరచేత్తో చీలిన తోకను నిమురుతోంది. తండ్రి ఖాళీ చేతులు చూసింది. పక్కకి జరిగి చోటిచ్చింది. అతను కూర్చోలేకపోయాడు.

*

గురువారం ఆకాశం కడిగినట్టుంది. రాత్రి పడ్డ మంచు ఎక్కడా చెక్కుచెదరకుండా, కొండ కొత్తగా పుట్టినట్టు నిలబడి ఉంది. కుర్చీలు నిండుగా వస్తున్నాయి. కొమ్ముమీద జనం బిగింపులు పెట్టుకుంటూ, ఫోటోలు తీసుకుంటూ, మూగలోయ వైపు చూసి గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు.

ఖొస్రో ఎర్రకోటులో, స్కీల మీద ఆనుకుని నిలబడ్డాడు. పక్కన అతని మనుషులు ఇద్దరు. తర్లాన్ పసుపు బోర్డుతో కుర్చీ దిగింది.

"ఏంటది, పడవా?" అన్నాడు ఖొస్రో. "దాంతో పార్కులోకా?"

"దీంతోనే."

"నీ ఇష్టం తల్లీ. పడితే లేపడానికి మేమున్నాం. మొగుడొచ్చేదాకా ఆగంలే, నీకింకా కాలేదుగా!" ఎర్రకోట్లు నవ్వాయి.

సఫరలీ లివరు పట్టుకుని నేలచూపులు చూస్తున్నాడు. తర్వాతి కుర్చీలోంచి సారినా దిగింది. ఆమెను రెక్క పుచ్చుకుని ఒక పెద్దావిడ. మహీన్ ఖానుం, పచ్చతలుపు ఇంటి యజమానురాలు. ఆవిడ చేతిలో దానిమ్మ రంగు బోర్డు. నేరుగా గది గుమ్మం దగ్గరికి వచ్చింది.

"సఫర్ గారూ, నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియట్లేదు. రాత్రి వచ్చి చూద్దును కదా ఈ ఘనకార్యం! పిల్ల పరాయిదేశంలో పెరిగింది. మర్యాదకన్న మాటని మాటనుకుంది. క్షమించాలి. తీసుకోండి."

సఫరలీ గుండె ఎగిరింది. నోరు తెరిచాడు.

"అయ్యో, ఎంత మాట ఖానుం! ఇచ్చింది ఇచ్చిందే. పిల్ల ఆడుకోనివ్వండి."

"లేదు లేదు. మీ ఇంట్లోది మీ ఇంట్లోనే ఉండాలి."

"వెనక్కి తీసుకుంటే నేను మనిషినేనా? ఆ పిల్ల మొహం చూడండి, ఎంత ముచ్చటపడిందో."

"మీరలా అనకండి. నా మీద ఒట్టు."

"నా చావు చూస్తారు, వెనక్కిస్తే!"

అన్నాక అతనికే ఒళ్లు చల్లబడింది. అంతటి ఒట్టు వేశాక అవతలివాళ్లు ఏం చేస్తారు? మహీన్ ఖానుం నిట్టూర్చింది. "మీ పెద్దమనసు ముందు ఓడిపోయానండీ" అంటూ బోర్డు మళ్లీ చంకలో పెట్టుకుంది. వెనక్కి తిరిగింది.

"నాకు కావాలి."

గట్టిగా అనలేదు. కానీ కొమ్ముమీద ఫోటోలు తీసుకుంటున్న వాళ్లు కూడా తిరిగి చూశారు.

తర్లాన్ పసుపు బోర్డు మంచులో నిలువుగా గుచ్చి వచ్చింది. "ఖానుం, మా నాన్న మర్యాదకి అంటున్నాడు. నిన్నా అంతే, ఇప్పుడూ అంతే. అది నా బోర్డు. పనిచేసి సంపాదించుకున్నా. వెతికి ఎంచుకున్నా. నాకు దాంతో పనుంది. ఇచ్చెయ్యండి."

ఎవరూ కదల్లేదు. ఒక కుర్చీ మనుషులతో వచ్చి, వాళ్లు దిగి, వాళ్లూ నిలబడిపోయారు. ఆ ఊళ్లో ఏ ఆడపిల్లా, ఆ మాటకొస్తే ఏ మగాడూ, 'నాకు కావాలి' అని అలా నలుగురి ముందు అనడం సఫరలీ వినలేదు. సిగ్గుతో చెవులు మండాయి. ఆ మంట కింద ఎక్కడో, గట్టిగా ముడేసిన తాడొకటి వదులైనట్టయింది.

మహీన్ ఖానుం అతని వైపు చూసింది. అతను తల దించాడు. అంతవరకే చేతనైంది. అది చాలింది.

"నాకెందుకు చెప్పలేదు?" అంది సారినా, మొహం ఎర్రబడి.

"చెప్పకూడదు కనక" అంది తర్లాన్. "కానీ ఇప్పుడు చెప్తున్నాగా. పసుపుది తీసుకో. పార్కులోకి మాత్రం పోకు. లోయలో దిగు, ఏడుపొస్తుంది, అంత బాగుంటుంది. సాయంత్రం మామయ్య కొట్లో ఇచ్చెయ్. ఇవ్వాలి. సరేనా?"

"సరే" అంది సారినా. నవ్వింది. "ఇలా చెప్తే నాకు అర్థమవుతుంది."

మరలు మళ్లీ తిప్పాలి. తర్లాన్ మంచులో మోకాళ్లూనింది. సఫరలీ గోడ మీంచి స్క్రూడ్రైవరు తీసి కూతురి చేతికిచ్చాడు.

"తొందరగా తల్లీ. ఎండ ఎక్కితే మంచు మారుతుంది" అన్నాడు ఖొస్రో. ఈసారి నవ్వలేదు.

ఆమె దిగింది.

సఫరలీ మొదటి కిటికీలోంచి చూశాడు. కడ్డీ. దిబ్బ. గాలిలో తిరగడం, దిగడం, వెనక్కి జారడం. మొన్న చూసినవే. కానీ ఇవాళ ఆమె తొందరపడట్లేదు. బోర్డుతో ఏదో మాట్లాడుకుంటున్నట్టు దిగింది. చివరి దిబ్బ దగ్గర ఒక ఎర్రకోటు పడుకుని ఉంది, దెబ్బ తగిలిన మనిషిలా. ఆమె పక్కన దుమ్ము లేపకుండా ఆగింది. అతని మొహం మీద ఒక్క మంచురవ్వ పడకుండా. అది చూసి ఖొస్రో గడ్డం గోక్కున్నాడు.

మళ్లీ పైకొచ్చి మూగలోయ అంచున నిలబడింది. వెనక ఖొస్రో స్కీల మీద. ఆమె ఒక్కసారి వంగి, మంచు గుప్పెడు తీసుకుని, వేళ్లమధ్య రాల్చి చూసింది. ఆ పని సఫరలీది. అతను రోజూ పొద్దున చేసేది. ఎప్పుడు చూసిందో ఏమో.

అంచు దాటింది.

మొదట ఏమీ కనిపించలేదు. తర్వాత తెల్లదనంలో ఒక దానిమ్మ గింజ. అది ఎడమకి వాలింది, కుడికి వాలింది. ప్రతి వాలుకీ కొండ భుజం మీంచి మంచు రెక్కలా లేచి, గాలిలో నిలిచి, ఎండలో వేల ముక్కలై మెరిసి రాలింది. చప్పుడు లేదు. అంత పెద్ద పని జరుగుతోంటే లోకం ఊపిరి బిగబట్టినట్టుంది. ముప్పై ఏళ్లుగా ఆ కిటికీ ముందు నిలబడుతున్నాడు. ఆ లోయను చూసి భయపడ్డాడు, దండం పెట్టుకున్నాడు, చచ్చినవాళ్లను అందులోంచి తేవడం చూశాడు. ఒక మనిషి దాంతో కలిసి ఆడుకోవడం చూడలేదు. ఆ మనిషిని తను ఎత్తుకుని పెంచాడు. చలికాలం రాత్రుళ్లు ఆ పాదాలే తన పొట్టకి ఆనించుకుని వెచ్చబెట్టాడు. టోపీ తీశాడు. చలి చెవులు కొరికింది.

"ఓయ్ సఫర్! బతికున్నావా? ఏమైంది లిఫ్టుకి?"

వెనక కేకలు. అతని చెయ్యి ఎప్పుడు నొక్కిందో లివరుని, కుర్చీలన్నీ గాలిలో ఆగిపోయి ఉన్నాయి. జనం కాళ్లూపుతూ అరుస్తున్నారు. కారణం లేకుండా లిఫ్టు ఆపడం అతని కొలువులో ఇదే మొదలు. తొందరపడలేదు. ఆ గింజ లోయ అడుగున చదునులోకి జారి ఆగేదాకా చూశాడు. అప్పుడు లివరు వదిలాడు.

వాళ్లు తిరిగి కుర్చీలో పైకొచ్చేసరికి ఎండ గుమ్మంలోకి వచ్చింది. తర్లాన్ కనురెప్పలకి మంచు. ఖొస్రో స్కీలు విప్పుకుని, చేతితొడుగులు తీసి, పొయ్యి దగ్గర నిలబడ్డాడు. సఫరలీ టీ పోశాడు. ఖొస్రో ఒక గుక్క తాగాడు.

"శనివారం లిఫ్టు తెరిచేవేళకి వచ్చెయ్. నీ కొలత కోటు లేదు. చేతులు మడిచి తొడుక్కోవాలి."

"మడుచుకుంటా" అంది తర్లాన్.

ఖొస్రో తల పంకించాడు. గోడకి ఆనించిన బోర్డు వైపు వంగాడు. మాటు వేసిన అంచుని వేలితో తడిమి, నడుము దగ్గర నొక్కి చూశాడు.

"మంచి బోర్డమ్మా. బాగుంది" అన్నాడు.

సఫరలీ నోట్లో మాట పళ్ల దాకా వచ్చేసింది. పెదవులు కూడా విడివడ్డాయి. కూతురి వైపు చూసి మూశాడు.

తర్లాన్ బోర్డు తీసుకుని కొక్కానికి తగిలించింది.

"అవును" అంది. "బాగుంటుంది."